బెంగళూరు లెక్కలు, కడప ఎండలు

పెళ్ళిళ్ళ సీజనులో మా ఆయన కెమెరాతో మండపంలో ఉంటారు, నేను మేడ మీద గదిలో కంప్యూటర్ ముందు ఉంటాను. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. కడపలో ఎండ 40 దాటి మండేదీ ఆ నెలల్లోనే. ముహూర్తం పెట్టే పురోహితుడు తారాబలం చూస్తాడు గానీ ఎడిటింగ్ గదిలో ఎంత వేడి ఉంటుందో చూడడు కదా. రెండు మూడు కెమెరాల ఫోర్‌కే ఫుటేజి, పైన డ్రోను షాట్లు, అన్నీ కలిపి ఒక పెళ్ళిని రెండరింగ్‌కు (ముక్కలన్నీ చివరి వీడియోగా తయారు చేయడానికి) పెడితే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ గంటల తరబడి ఒళ్ళు వంచి పనిచేయాలి. గది మీద కాంక్రీట్ స్లాబు. పొద్దు కుంకాక కూడా అది వేడి కక్కుతూనే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం కూలర్ వేయకపోతే గదిలో 40 డిగ్రీలు, వేస్తే 32 దరిదాపులు.

ఆ గదిలోకి నీళ్ళతో చల్లబడే కంప్యూటర్ వచ్చింది. మేం కావాలని కట్టించుకున్నది కాదు. బెంగళూరులో ఒక కుర్రాడు విదేశం వెళుతూ అమ్మకానికి పెట్టాడు. మంచి సరుకు: పన్నెండు కోర్ల రైజెన్ 9 5900ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు, రెండింటి మీదా వాటి వేడిని నీళ్ళలోకి లాగే నికెల్ పూత పూసిన రాగి బ్లాకులు, ఆ వేడిని గాలిలోకి వదిలే 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ముందు, 240ది పైన, మొత్తం ఐదు ఫ్యాన్లు, డీ5 పంపు, నీళ్ళు కనిపించే గాజు ట్యాంకు. అమ్మేటప్పుడు చాలా ఓపిగ్గా అన్నీ చెప్పాడు. "సెట్టింగ్స్ అన్నీ చేసి ఇచ్చానక్కా, మీరేమీ ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు. బెంగళూరులో ఉన్నంతకాలం ఆ మాట అక్షరాలా నిజమే అయి ఉంటుంది.

కడపలో మాత్రం స్విచ్ వేసిన మరుక్షణం ఫ్యాన్లు పిండిమర స్థాయిలో మొదలయ్యాయి. పని ఏమీ లేదు, తెర మీద డెస్క్‌టాప్ బొమ్మ తప్ప ఏమీ లేదు. అయినా పై రెండు ఫ్యాన్లు పూర్తి వేగంలో తిరుగుతున్నాయి. ముందున్న మూడు ఫ్యాన్లది ఇంకో తీరు. ఏదైనా ఫైలు తెరిస్తే గుర్రుమని లేచి, ఐదారు సెకన్లలో సద్దుమణిగి, మళ్ళీ ఏదో క్లిక్ చేస్తే మళ్ళీ లేస్తాయి. నాకు చప్పుడు పెద్ద సమస్య. నా పనిలో సగం చెవితో చేసేది. పంతులుగారి మంత్రం ఎక్కడ తగ్గించాలి, గట్టిమేళం మోగినప్పుడు మైకు పగిలిపోకుండా ఎక్కడ అదుపు చేయాలి, పెళ్ళికూతురు వాళ్ళ అమ్మ మెల్లగా అన్న మాటను ఎలా పైకి తేవాలి, ఇవన్నీ విని తేల్చవలసినవి. పక్కన ఐదు ఫ్యాన్లు ఊదుతుంటే ఏం వింటాను?

మా అన్న ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్. సుమారు 1450 డిగ్రీల దగ్గర క్లింకర్ (పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలు) తయారయ్యే కిల్న్ అనే పెద్ద కొలిమి పక్కన వాళ్ళ ఉద్యోగం. వేడిని కొలిచే థర్మోకపుల్స్, ట్రాన్స్‌మిటర్లు, కంట్రోల్ వాల్వులు తప్ప ఇంట్లో కూడా ఇంకో మాట ఉండదు. ఫోను చేసి "అన్నా, కంప్యూటర్ వేడెక్కుతోంది" అన్నాను.

"ఎక్కడ?"

"మా గదిలో."

"గది కాదు చెల్లెమ్మా, కంప్యూటర్‌లో ఎక్కడ? చిప్పులోనా, నీళ్ళలోనా, రేడియేటర్ నుంచి బయటికొచ్చే గాలిలోనా? వేడి ఎంత అని ఎవరైనా అడుగుతారు. ఎక్కడ ఎంత అని అడిగితేనే పని జరుగుతుంది."

ఆదివారం వచ్చాడు, మల్టీమీటర్ సంచితో సహా. నేను ఈ పోస్టు రాస్తున్నది ఆ ఆదివారం నేర్చుకున్నదాని కోసమే. నీళ్ళ కంప్యూటర్ గురించి నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం గది వేడి ఎప్పుడూ 22 నుంచి 25 మధ్యే ఉంటుందనే ధీమాతో చెప్పినవి. రాయలసీమలో మేడ మీద గది ఉన్నవాళ్ళకు అవి పనికిరావు.

మొదట, చిప్పు వేడిని చూసి ఫ్యాను తిప్పడం గురించి. మా ముందు మూడు ఫ్యాన్లు చేస్తున్నది అదే. మదర్‌బోర్డులు ఎక్కువగా అలాగే సిద్ధమై వస్తాయి, ఎందుకంటే వాటి లెక్కలో ఫ్యాను నేరుగా ప్రాసెసర్ నెత్తినే ఉంటుంది. గాలితో చల్లబడే కంప్యూటర్‌కు అది సబబే. నీళ్ళున్నచోట ఫ్యాను ఊదేది రేడియేటర్‌ను, రేడియేటర్‌లో ఉన్నది నీళ్ళు. చిప్పు వేడి ఒక క్లిక్కుకే కళ్ళు మూసి తెరిచేలోగా 20 డిగ్రీలు ఎగిరి, అంతే వేగంగా దిగుతుంది. నీళ్ళకు ఆ సంగతే తెలియదు. దాన్ని చూసి ఫ్యాన్లు లేవడమంటే, పెళ్ళిలో చిన్నపిల్లలు కేక వేసినప్పుడల్లా గట్టిమేళం మోగించినట్టు ఉంటుంది.

నీళ్ళు ఎంత నెమ్మదో అన్న కాగితం మీద చూపించాడు. లీటరు నీళ్ళను ఒక డిగ్రీ వేడెక్కించాలంటే దాదాపు 4,186 జౌళ్ళ శక్తి కావాలి. నా ప్రాసెసర్ గరిష్ఠంగా 142 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 320 వాట్లు తీసుకుంటాయి. రెండూ కలిపి 460 అనుకుందాం. వాట్ అంటే సెకనుకు ఒక జౌల్. గొట్టాల్లో సుమారు లీటరు నీళ్ళున్నాయి కాబట్టి, ఐదు ఫ్యాన్లూ ఆగిపోయి, రెండు భాగాలూ పూర్తి బరువు మోస్తున్నా నీళ్ళు ఒక్క డిగ్రీ పెరగడానికి తొమ్మిది సెకన్లు పడుతుంది. అంటే ఫ్యాన్లకు తొందర అక్కర్లేదు. నిమిషాల మీద నడిచే వ్యవహారాన్ని సెకన్ల మీద నడపబోతే మిగిలేది చప్పుడే.

ఇంకో లెక్క కూడా వేశాడు, అది నాకు ఇంకా నచ్చింది. పంపు నిమిషానికి నాలుగు లీటర్లు తిప్పితే, 460 వాట్ల వేడికి బ్లాకుల్లోకి వెళ్ళే నీళ్ళకూ బయటికి వచ్చే నీళ్ళకూ తేడా రెండు డిగ్రీలు కూడా ఉండదు. కాబట్టి సెన్సర్ రేడియేటర్‌కు ముందు పెట్టాలా వెనక పెట్టాలా అని నెట్‌లో జరిగే యుద్ధాలకు పెద్ద అర్థం లేదు. వీలైనచోట పెట్టి, అక్కడే ఉంచితే చాలు.

సెన్సర్ మాకు అప్పటికే ఉంది. రేడియేటర్‌కు వాడని ఒక రంధ్రం ఉంటుంది, దానికి బిగించే మూతలోనే థర్మిస్టర్ (వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారే చిన్న సెన్సర్) పెట్టి అమ్ముతారు. దాని రెండు వైర్లు మదర్‌బోర్డు మీద రెండు పిన్నుల సాకెట్‌లోకి వెళతాయి. ఇవి 25 డిగ్రీల దగ్గర 10 వేల ఓమ్‌ల రకం. వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది, 40 డిగ్రీలకు 5 వేల పైచిలుకుకు దిగుతుంది. బోర్డు ఆ నిరోధాన్ని చూసి డిగ్రీలుగా మార్చి చెబుతుంది. మా బోర్డు మీద అలాంటి సాకెట్లు రెండు ఉండడం కలిసొచ్చింది. ఒక్కటీ లేని బోర్డులూ ఉన్నాయి, వాటికి సెన్సర్ సాకెట్లున్న చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ కంట్రోలర్ కొనుక్కోవాలి.

రెండో సాకెట్‌కు అన్న ఇంకో థర్మిస్టర్ పెట్టాడు. దీనిది ఒట్టి వైరు, కొసన మిరియపు గింజంత పూస. దాన్ని ముందు రేడియేటర్‌లోకి గాలి వెళ్ళేచోట, లోహానికి తగలకుండా టేపుతో అంటించాడు. "ఇది నీ గది" అన్నాడు. గోడకు వేలాడే థర్మామీటర్ ఉంది కదా అంటే ఒప్పుకోలేదు. రేడియేటర్ పీల్చే గాలి వేరు, గోడ దగ్గరి గాలి వేరు. కూలర్ గాలి నేరుగా కంప్యూటర్ మీదికి వచ్చేటప్పుడు ఆ రెండింటికీ మూడు డిగ్రీల తేడా చూశాను.

అంటించే ముందు జరిగిన తతంగం చెప్పకపోతే అన్నకు కోపం వస్తుంది. నీళ్ళు ఎలాగూ మార్చాలి కాబట్టి పాతవి తీసేసి, ఆ మూత సెన్సర్‌నూ ఈ పూస సెన్సర్‌నూ ఒకే స్టీలు గ్లాసులో ముంచాడు. ముందు నలగ్గొట్టిన ఐసుముక్కలూ నీళ్ళూ కలిపి: సున్నా డిగ్రీల దగ్గర సుమారు 30 వేల ఓమ్‌లు. తర్వాత గోరువెచ్చని నీళ్ళు. రెండు సెన్సర్లూ ఒకే గ్లాసులో ఉన్నా వాటి మధ్య ఒక డిగ్రీకి కాస్త తక్కువ తేడా వచ్చింది. ఒక్క సెన్సరే చూసుకునేవాళ్ళకు అది పట్టించుకోనక్కర్లేని తేడా. మేం చూడబోయేది రెండింటి మధ్య తేడానే, అది పది డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. అందులో ఒక డిగ్రీ తప్పు అంటే పదో వంతు పోయినట్టే. సాఫ్ట్‌వేర్‌లో ఆ మేరకు సవరణ పెట్టాం. ఫ్యాక్టరీలో సెన్సర్ మార్చిన ప్రతిసారీ ఇలాగే చేస్తారట. ఇంట్లో చేయకూడదని ఎక్కడా లేదుగా అన్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రేడియేటర్ ఎంత పెద్దదైనా, ఫ్యాన్లు ఎంత తిరిగినా నీళ్ళు గది గాలి కంటే చల్లబడవు. రేడియేటర్ వదిలించే వేడి, నీళ్ళకూ గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. గది 25లో ఉంటే నీళ్ళు 35, గది 40లో ఉంటే నీళ్ళు 50. రెండు సందర్భాల్లోనూ తేడా పదే, ఫ్యాన్లు చేస్తున్న పనీ అంతే. బెంగళూరు కుర్రాడు పై ఫ్యాన్లకు నీళ్ళు 30 దగ్గర నిదానం, 40 దగ్గర పూర్తి వేగం అని గీత (ఎంత వేడికి ఎంత వేగమో చెప్పేది) గీశాడు. అతని గదిలో నీళ్ళు 40కి చేరాయంటే నిజంగానే బరువు పడినట్టు. మా గదిలో మే నెల మధ్యాహ్నం స్విచ్ వేయకముందే నీళ్ళు 40. పాపం, ఆ ఫ్యాన్లు ఎంత ఊదినా ఏం చేస్తాయి? 41 నుంచి 40కి దించడం కోసం పూర్తి వేగంలో తిరుగుతూ కూర్చుంటాయి.

చలికాలంలో ఇదే తప్పు తలకిందులుగా వస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున గది 21లో ఉంటుంది. నీళ్ళు 34 అయినా ఆ గీత ప్రకారం ఫ్యాన్లు మెల్లగానే ఉంటాయి. కానీ తేడా 13 అయిపోయింది. ప్రమాదమేమీ లేదు గానీ, ఎండాకాలంలో ఊరికే అరిచి, చలికాలంలో పని ఉన్నప్పుడు పడుకునే గీత గీతేనా?

అందుకే మా ఫ్యాన్లు ఇప్పుడు నీళ్ళ వేడిలోంచి గది వేడిని తీసేసిన అంకెను చూస్తాయి. విండోస్‌లో ఉచితంగా దొరికే ఫ్యాన్ కంట్రోల్ అనే ప్రోగ్రాములో రెండు సెన్సర్లను కలిపి కొత్త సెన్సర్ తయారు చేసుకోవచ్చు: కూడిక, సగటు, పెద్దది, చిన్నది, తీసివేత. తీసివేత ఎంచుకుని, ముందు నీళ్ళది, తర్వాత గదిది ఇస్తే చాలు. ఆ తేడా నాలుగు డిగ్రీల దాకా ఫ్యాన్లు 35 శాతం. అక్కడ నాకు అవి తిరుగుతున్నాయో లేదో చెవి పెట్టి వినాలి. ఎనిమిది డిగ్రీలకు 50, పన్నెండుకు 75. దాని పైన ఇంక పెంచలేదు. ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు అవుతుంది, అది తినే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది, చప్పుడు 15 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. ఆఖరి పాతిక శాతంలో దక్కేది ఒకటి రెండు డిగ్రీలు. ఆ బేరం నాకు గిట్టదు.

దీని వల్ల ఇంకో సుఖం దొరికింది. మా కూలర్ ట్యాంకులో నీళ్ళు అయిపోతే, లేదా కరెంటు పోయి కూలర్ ఆగి కంప్యూటర్ మాత్రం యూపీఎస్ మీద నడుస్తుంటే, గది వేడి చూస్తుండగానే పెరుగుతుంది. పాత గీత ఉన్నప్పుడు ఫ్యాన్లు ఆ క్షణమే గోల మొదలుపెట్టేవి. ఇప్పుడు గదీ నీళ్ళూ కలిసి పైకెక్కుతాయి, తేడా మారదు, ఫ్యాన్లు నింపాదిగా ఉంటాయి. కూలర్‌లో నీళ్ళు పోయాలని గుర్తు చేయడం ఫ్యాన్ల పని కాదు.

అయితే తేడా ఒక్కదాన్నే నమ్మితే చిక్కుంది. గది 45 అయితే నీళ్ళు 55 అవుతాయి, తేడా పదే కదా అని ఫ్యాన్లు నిబ్బరంగా ఉంటాయి. పంపులు తయారు చేసేవాళ్ళు నీళ్ళు 60 దాటకూడదంటారు. ప్లాస్టిక్ గొట్టాలు అంతకన్నా ముందే మెత్తబడేవీ ఉన్నాయి. అందుకని రెండో గీత ఒకటి పెట్టాం, ఇది నీళ్ళ అసలు వేడిని చూస్తుంది. 50 దాకా నోరు మెదపదు, 53 దగ్గర పూర్తి వేగం. రెండు గీతల్లో ఏది ఎక్కువ చెబితే ఫ్యాన్లు అది వింటాయి.

మూడోది కూడా ఉంది, ఇది అన్న పట్టుబట్టి పెట్టించినది. "పంపు ఆగిపోయిందనుకో, నీ నీళ్ళ సెన్సర్ ఏం చెబుతుంది?" అని అడిగాడు. వేడి పెరిగిందని చెబుతుందన్నాను. చెప్పదట. నీళ్ళు కదలకపోతే చిప్పు దగ్గరి వేడి సెన్సర్ దాకా రాదు. బ్లాకులో నీళ్ళు కాగుతున్నా సెన్సర్ మాత్రం అంతా చల్లగా ఉందని చెబుతూ కూర్చుంటుంది. కిల్న్‌లో కూడా పదార్థం కదలని చోట పెట్టిన థర్మోకపుల్ ఇలాగే మోసం చేస్తుందట. కాబట్టి చిప్పు వేడిని ఫ్యాన్లకు కాకుండా హెచ్చరికకు వాడుతున్నాం. 5900ఎక్స్‌కు పై హద్దు 90 డిగ్రీలు, అక్కడికి వస్తే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కొద్ది సేపు ఆగకుండా 86 మీద ఉంటే తెర మీద ఎర్ర హెచ్చరిక వస్తుంది.

పంపు వేగం చెప్పే తీగను బోర్డు మీద ప్రాసెసర్ ఫ్యాను కోసం ఉండే సాకెట్‌కు ఇచ్చాం. అక్కడ తిరుగుడు కనిపించకపోతే స్విచ్ వేసినప్పుడే బోర్డు అభ్యంతరం చెబుతుంది. వేగం తెలిపేది ఆ తీగ మీద వచ్చే మిట మిట సంకేతాలే: ఒక్కో చుట్టుకు రెండు. పంపును మాత్రం ఏ గీతకూ కట్టలేదు. 65 శాతం మీద స్థిరంగా ఉంచాం. అంతకు మించి తిప్పితే వేడిలో వచ్చే మార్పు కంటికి ఆనదు, గుయ్‌మనే శబ్దం మాత్రం చెవికి ఆనుతుంది. పైగా ఒకే శ్రుతిలో ఉండే శబ్దాన్ని చెవి మరచిపోతుంది, పైకీ కిందికీ పోయేదాన్ని మరచిపోలేదు.

విండోస్ ఇంకా లేవకముందో, ప్రోగ్రాము మూసుకుపోతేనో ఏమిటని అడిగేవాళ్ళ కోసం: బయాస్‌లో (విండోస్ కంటే ముందే లేచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాములో) ఒక మోటు గీత ఉంది, నీళ్ళ సెన్సర్ మీదే. చప్పుడు ఎక్కువ, ప్రమాదం లేదు. ఇంకో జాగ్రత్త, బోర్డుతో వచ్చే సాఫ్ట్‌వేర్‌నూ ఈ ప్రోగ్రామునూ ఒకేసారి నడపకూడదు. రెండూ ఒకే చిప్పును అడగబోయి అంకెలు పిచ్చి పిచ్చిగా వస్తాయి. లినక్స్ వాడేవాళ్ళకు ఎల్ఎం సెన్సర్స్, ఫ్యాన్‌కంట్రోల్, లిక్విడ్‌సీటీఎల్ అనే ప్రోగ్రాములు ఉన్నాయి. మా మేనల్లుడు అదే వాడతాడు. అక్కడ వేడి వెయ్యో వంతు డిగ్రీల్లో ఉంటుందని, 45000 అని చూసి భయపడనక్కర్లేదని, కంప్యూటర్ మళ్ళీ మొదలైనప్పుడు సెన్సర్ల వరుస సంఖ్యలు మారిపోవచ్చు కాబట్టి సంఖ్యను కాక పేరును పట్టుకోవాలని చెప్పాడు. నాకు తెలిసింది అంతవరకే.

తేడాలు చూడడం అలవాటయ్యాక ఫ్యాన్ల సంగతి చిన్నదైపోయింది. పెద్ద లాభం వేరే ఉంది. నేనిప్పుడు తెర మూలన రెండు అంకెలు పెట్టుకుంటాను: చిప్పుకూ నీళ్ళకూ తేడా, నీళ్ళకూ గదికీ తేడా. ఒకే రకం రెండరింగ్‌లో, ఒకే ఫ్యాను వేగంలో మొదటిది సుమారు 32, రెండోది 9 ఉండాలి. ఏప్రిల్ నెలాఖరుకు రెండోది మెల్లగా 12కు జరిగింది, మొదటిది కదల్లేదు. అంటే చిప్పు నుంచి నీళ్ళలోకి వేడి బాగానే వస్తోంది, నీళ్ళ నుంచి గాలిలోకే పోవడం లేదు. ముందు జల్లెడ తీసి చూస్తే రేడియేటర్ రెక్కల మధ్య బూడిదరంగు దూది పట్టినట్టు దుమ్ము. బ్లోయర్‌తో కొట్టగానే మళ్ళీ తొమ్మిదికి వచ్చింది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే అది గిరగిరా తిరిగి బేరింగు పాడవుతుంది.

ఇదే కథలో రెండోది కదలకుండా మొదటిది పెరిగి ఉంటే, తప్పు రేడియేటర్‌ది కాదు. బ్లాకులో సన్నని కాలువలు పూడుకున్నాయి, లేదా చిప్పు మీది పేస్టు ఎండింది, లేదా ప్రవాహం తగ్గింది. చిప్పు వేడి 84 అనే ఒక్క అంకె చూస్తే ఈ రెండు జబ్బులూ ఒకేలా కనిపిస్తాయి. గది వేడెక్కినా అదే 84. మూడు కారణాలకూ ఒకే అంకె చెప్పే మీటరును అన్న వాళ్ళ ఫ్యాక్టరీలో పెడితే షిఫ్టు ఇంజనీరు ఒప్పుకుంటాడా?

కాలువలు పూడుకోవడం అన్నాను కాబట్టి నీళ్ళ గురించి ఒక్క మాట. మా బోరు నీళ్ళు పోస్తే ఏమవుతుందో మా ఇంటి స్టీలు బిందెల అడుగున తెల్లగా కట్టిన పొర చూస్తే చాలు. డిస్టిల్డ్ వాటర్, దానిలో తుప్పునూ నాచునూ ఆపే మందు, అంతే పోశాం. రంగు వేయలేదు. ఆ కుర్రాడి పాత నీళ్ళు ముచ్చటైన నీలం, కానీ ట్యాంకు అడుగున ఆ నీలమే మడ్డిగా పేరుకుని ఉంది. అన్నీ రాగి, ఇత్తడి, నికెల్ ఉన్నచోట అల్యూమినియం భాగం ఏదీ కలపకూడదు. రెండు లోహాలూ ఒకే నీళ్ళలో ఉంటే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం కరిగిపోతుంది.

కూలర్ తేమ వల్ల లోపల నీళ్ళు పేరుకోవా అని మా ఆయన అడిగారు, మంచి ప్రశ్నే. గది గాలి కంటే చల్లని వస్తువు మీదే తేమ పేరుకుంటుంది, మా గొట్టాలు ఎప్పుడూ గది కంటే వెచ్చగానే ఉంటాయి. ఆ భయం లేదు. కానీ తడి మెత్తలకు ఎదురుగా పెడితే బోరు నీటి తుంపర పడి లోహం మీద ఉప్పు మచ్చలు వస్తాయి, అందుకని పక్కకు జరిపాం. కిటికీ తెరిచి ఉంచాలి, మూసిన గదిలో కూలర్ ఉక్కపోత తప్ప ఇంకేమీ ఇవ్వదు.

ఇన్ని చేసినా మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు కూలర్ లేకుండా పూర్తి రెండరింగ్ కుదరదు. గది 40, దాని మీద తేడా పదకొండు, దాని మీద చిప్పు తేడా 32, మొత్తం 83. హద్దుకు మిగిలింది ఏడు డిగ్రీలు. 3080 కార్డులో మెమరీ చిప్పులు ఇంకా వేడి, వాటి అంకె హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాములో విడిగా కనిపిస్తుంది. ఇక్కడ ఫ్యాన్లతో గెలవలేం, వేడి పుట్టడాన్నే తగ్గించాలి. బయాస్‌లో ఎకో మోడ్ (తక్కువ కరెంటుతో నడిపే సెట్టింగ్) పెడితే ప్రాసెసర్ 142 వాట్ల నుంచి 90 లోపుకు దిగుతుంది. కార్డుకు విద్యుత్ పరిమితి 75 శాతం పెట్టాను, అంటే 240 వాట్లు. మొత్తం 460 కాస్తా 330 అయ్యింది. గంట పట్టే రెండరింగ్‌కు పది నిమిషాల లోపే ఎక్కువ పడుతోంది, నీళ్ళు మాత్రం మూడు డిగ్రీలు దిగాయి. పెద్ద పనులు రాత్రి పదకొండు తర్వాత పెడతాను. అప్పటికి స్లాబు కాస్త శాంతిస్తుంది.

వదిలించిన వేడి అంతా మళ్ళీ ఇదే గదిలోకి వస్తోంది కదా అన్నది అన్నకు ఇంకా మింగుడుపడడం లేదు. 330 వాట్ల హీటరు పెట్టుకుని పక్కనే కూలర్ పెట్టుకున్నావంటాడు. ముందున్న పెద్ద రేడియేటర్‌ను గొట్టాలు పొడిగించి కిటికీ దగ్గరికి మార్చి, దాని గాలి వరండాలోకి పోయేలా చేద్దామని కొలతలు కూడా తీసుకెళ్ళాడు. అప్పుడు గది సెన్సర్ ఎక్కడ పెట్టాలన్నది కొత్త తగువు. అది గాలి పీల్చేచోటే ఉండాలి, కాబట్టి రేడియేటర్‌తో పాటే కిటికీ దగ్గరికి పోవాలని నేను. చిన్న రేడియేటర్ ఇంకా పెట్టెలోనే ఉంటుంది కాబట్టి దానికి వేరే సెన్సర్ కావాలని తను. మా ఆయన ఇద్దరి మాటా విని, చేతిలో ఉన్న పెళ్ళిళ్ళన్నీ డెలివరీ అయ్యేదాకా ఎవరూ దాని గొట్టం ముట్టుకోకూడదన్నారు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, అప్పుడు విప్పుతాం.